ఇంటి బయటి కట్టెను కాపాడుకొనుట ఎట్లు?

 

ఈ నెల గోడ పత్రికలో పాఠం రాసే వంతు నాకు వచ్చింది. నేను ఇంటి బయట ఉండే కట్టె గురించి రాస్తున్నాను. అనగా ద్వారబంధం, తలుపు, గడప, కిటికీ రెక్కలు, పంచలో నిలబడిన కంబాలు, చూరు కింద వాసాలు, పాత అంగళ్ళకు వరుసగా నంబర్లు వేసి బిగించే పలకలు. ఇవన్నీ ఎండకు ఎండి వానకు తడిసే కట్టెలు. "ఇదేమి పాఠమప్పా, పరీక్షలో వస్తుందా?" అని మీరు నవ్వుతారేమో. మా ఇంట్లో జరిగింది చదివితే నవ్వరు.

మా ఇంట్లో జరిగినది

మాది డోన్ దగ్గర ఒక తండా. మా నాయన నాపరాయి గనిలో కూలికి పోతాడు. నేను నాలుగో తరగతిలో ఉన్నప్పుడు ఇల్లు కట్టుకున్నాము. గోడలకు నాపరాళ్ళు, పైన స్లాబు. కానీ వాకిలి మాత్రం టేకుది ఉండాలని నాయన పట్టు. రెండు నెలల కూలి దానికే పోయింది. ద్వారబంధం నిలబెట్టిన రోజు తండా అంతా వచ్చి చూసిపోయినారు. ఆ తర్వాత ప్రతి ఉగాదికి నాయన దానికి ఆకుపచ్చ రంగు వేస్తా వచ్చినాడు. మా తండాలో అంత మెరిసే వాకిలి ఇంకొకటి లేదు.

పోయిన దసరా సెలవుల్లో ఒక సాయంత్రం మా చెల్లెలు గడప దగ్గర కూర్చొని సెనక్కాయలు వలుస్తా ఉంది. ఒక్కసారి గాలి వచ్చి తలుపు కొట్టుకున్నది. కింది బందు స్క్రూలతో సహా ఊడి వచ్చింది. పై బందు ఆ బరువు ఆపలేక వంగింది. తలుపు రెక్క మొత్తం పడింది. చెల్లెలికి జానెడు దూరంలో పడింది. చేట నలిగిపోయింది. మా యాడి (మేము అమ్మను యాడి అంటాము) కేక వేసి చెల్లెలిని ఎత్తుకున్నది. దెబ్బ తగలలేదు. దేవుని దయ.

తర్వాత దీపం పెట్టి చూసినాము. బందు ఊడిన చోట ద్వారబంధం లోపల కట్టె లేదు. మట్టి ఉంది. బయట రంగు మాత్రం చక్కగా నిలబడి ఉంది. కాగితం అంత మందం రంగు, దాని వెనక అంతా చెదల మట్టి.

నాయన చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత "ఏటేటా రంగు వేస్తిని గదా, యాడ తప్పు చేస్తిని?" అన్నాడు. ఆ మాట నా మనసులో ఉండిపోయింది. ఈ పాఠం ఆ ప్రశ్నకు జవాబు.

ఆచారి చెప్పినది

మరుసటి రోజు పక్క ఊరి నుంచి ఒక వడ్ల ఆచారిని పిలుచుకొచ్చినాము. ముసలాయన. ఆయన రంగు వైపు చూడనే లేదు. కింద కూర్చొని ద్వారబంధం కాలులో స్క్రూడ్రైవరు గుచ్చినాడు. పిడి దాకా దిగింది. మూరెడు పైన గుచ్చితే దిగలేదు. అక్కడ కట్టె ఇంకా గట్టిగానే ఉంది.

"చూడు నాయకా, కింద మాత్రమే పోయింది. కాలు మట్టిలో పాతినారు. చుట్టూ సిమెంటు పోసినారు. పోసిన సిమెంటు మధ్యలో గుంత పడి నీళ్ళు నిలిచినాయి. వాకిలి పక్కనే జాలాడి. రంగు ముందు వైపే వేసినావు. అడుగున ఎవరు వేసినారు?" అన్నాడు.

తర్వాత మా మేకల కొట్టం చూపించినాడు. అది మా తాత వేసినది. దాని పంచలో కంబాలు టేకు కావు, వేప కట్టెలు. వాటికి ఎన్నడూ రంగు వేయలేదు. అయినా గట్టిగా ఉన్నాయి. ఎందుకంటే మా తాత ఒక్కో కంబం కింద ఒక నాపరాయి ముక్క పెట్టినాడు. కట్టె మట్టిని తాకలేదు.

ఆచారి నాతో "ఏమప్పా, చదువుకుంటున్నావు గదా, ఇది రాసుకో. చెట్టును నాటాల. కంబాన్ని నిలబెట్టాల. కంబాన్ని నాటితే చెదలకు భోజనం పెట్టినట్టే" అన్నాడు. నేను నిజంగానే నోటుబుక్కులో రాసుకున్నాను.

కట్టెకు శత్రువులు ఎవరు?

సెలవుల తర్వాత మా సైన్సు సారును అడిగినాను. సారు చెప్పినవి, నేను తెలుసుకున్నవి కలిపి రాస్తున్నాను.

మొదటి శత్రువు తడి. కట్టె అంటే సన్నని గొట్టాల కట్ట. చెట్టు బతికి ఉన్నప్పుడు వేర్ల నుంచి ఆకులకు నీరు పోయింది వీటిలోనే. చెట్టు కొట్టినా గొట్టాలు అట్లే ఉంటాయి. అందువల్ల పలక ముఖం మీద కంటే, రంపంతో కోసిన కొనల నుంచి నీరు చాలా వేగంగా లోపలికి పోతుంది. ద్వారబంధం కాలి అడుగు, తలుపు రెక్క అడుగు, వాసం కొన, ఇవన్నీ అట్లాంటి చోట్లే. మనం రంగు వేసేది ముఖానికి. నీళ్ళు తాగేది కొన. మా నాయన చేసిన తప్పు ఇదే.

రెండవ శత్రువు బూజు. కట్టెను కుళ్ళబెట్టేది ఒక రకం బూజు. అది బతకడానికి తడి, గాలి, వెచ్చదనం మూడూ కావాలి. కట్టె బరువులో తడి నూటికి 20 పాళ్ళ లోపు ఉంటే ఈ బూజు పెరగలేదు. కావున తడిసిన కట్టె త్వరగా ఆరిపోతే భయం లేదు. తడిసి ఆరకుండా ఉంటేనే ప్రమాదం.

మూడవ శత్రువు చెదలు. చెదలను మనము తెల్లచీమలు అంటాము గానీ అవి చీమలు కావు, బొద్దింకల బంధువులు. వాటికి వెలుతురు, పొడిగాలి పడవు. అందుకే నేలలో నుంచి మట్టి గొట్టాలు కట్టుకొని వాటి చాటున పైకి ఎక్కుతాయి. మన వైపు పుట్టలు పెట్టే చెదలు ఇంకా తెలివైనవి. అవి తెచ్చిన కట్టెను నమిలి పుట్ట లోపల బూజు తోట పెంచుకొని దాన్ని తింటాయి. వానలకు పుట్ట మీద లేచే పుట్టగొడుగులు ఆ తోటలోవే. మొదటి వానలకు దీపాల చుట్టూ మూగే ఉసిళ్ళు కూడా ఇవే. రెక్కలు రాల్చి జంటగా కొత్త పుట్ట పెట్టడానికి బయలుదేరినవి.

నాలుగవ శత్రువు ఎండ. సూర్యకాంతిలో కంటికి కనబడని అతినీలలోహిత కిరణాలు కట్టెలో నారను అతికించి ఉంచే పదార్థాన్ని కొద్దికొద్దిగా విడగొడతాయి. అందుకే పాత తలుపు బూడిద రంగుకు వస్తుంది. ఇంకొక సంగతి. కట్టె తడిస్తే అడ్డంగా ఉబ్బుతుంది, ఎండితే అడ్డంగా కుంచించుకుపోతుంది. పొడుగున దాదాపు మారదు. అందుకే వానకాలంలో తలుపు పట్టేస్తుంది, ఎండాకాలంలో పలకల మధ్య సందులు పడతాయి.

"మనది కరువు సీమ, వానలే పడవు, కట్టె ఎట్లా కుళ్ళుతుంది?" అని కొందరు అడిగినారు. ఉమ్మడి కర్నూలు జిల్లాలో (మన డోన్ 2022లో నంద్యాల జిల్లాలోకి వచ్చింది) ఏడాదికి సగటున 670 మిల్లీమీటర్ల దరిదాపు వాన పడుతుంది. అది కోస్తా కంటే తక్కువే. కానీ మన ఎండలు కట్టెను పగలగొడతాయి. ఆ పగుళ్ళలోకి మొదటి వాన నేరుగా దిగుతుంది. చెదలు కూడా మెట్ట నేలలోనే పుట్టలు పెట్టి హాయిగా బతుకుతాయి. 2009 అక్టోబరులో తుంగభద్ర పొంగి కర్నూలు పట్నం మునిగినది అందరికీ తెలుసు. కరువు సీమ అని వాన మనల్ని వదిలిపెట్టదు.

చేవ అంటే ఏమి?

మానును అడ్డంగా కోస్తే మధ్యలో ముదురు రంగు, అంచున తెల్లని రంగు కనబడతాయి. మధ్యది చేవ, అంచుది తెలుపు. టేకుకు పేరు వచ్చింది దాని చేవలో సహజంగా ఉండే నూనెల వల్ల. చెదలు దాన్ని అంత సులభంగా తినవు. కానీ తెలుపు భాగానికి ఆ బలం లేదు. టేకు తెలుపును కూడా చెదలు తింటాయి. మా ద్వారబంధం టేకుదే, కానీ దాని ఒక అంచు తెలుపు. రంగు వేసినాక చేవ ఏదో తెలుపు ఏదో ఎవరికీ కనబడదు. అందుకే కట్టెను రంగు వేయకముందే చూసి కొనాలని ఆచారి చెప్పినాడు. మనిషిని కూడా "చేవ ఉన్నవాడు" అంటాము గదా, ఆ మాట ఇక్కడిదే.

పెద్ద దేశాలలో, మన దేశంలో

నార్వే అనే చలి దేశంలో గోడలు కూడా పలకలతోనే కట్టిన పాత ప్రార్థనా మందిరాలు ఉన్నాయి. మొదట్లో కట్టిన వాటికి కంబాలు నేలలో పాతినారు. అవి కుళ్ళిపోయినాయి. తర్వాత వాళ్ళు రాళ్ళు పరిచి, వాటి మీద అడ్డ దూలాలు వేసి, ఆ దూలాల మీద కంబాలు నిలబెట్టినారు. పలకలకు దేవదారు జాతి చెట్ల తారు పూసినారు. అట్లా 1200 ప్రాంతంలో కట్టిన బోర్గుండ్ మందిరం ఇప్పటికీ నిలబడి ఉంది. ఎనిమిది వందల ఏండ్లు! జపానులో హోర్యూజీ అనే బౌద్ధ మందిరం కంబాలు కూడా రాతి దిమ్మల మీదనే ఉన్నాయి. అది ప్రపంచంలో అతి పాత కట్టె కట్టడాలలో ఒకటి. నార్వేలో వాళ్ళు, జపానులో వాళ్ళు, మా తాత, ముగ్గురూ ఒకరినొకరు ఎరుగరు. కానీ ముగ్గురూ కట్టె కింద రాయే పెట్టినారు.

మందుల విషయంలో మన తెలుగు వారు గర్వపడే సంగతి ఒకటి ఉంది. డెహ్రాడూన్‌లో 1906లో అటవీ పరిశోధన సంస్థ ఏర్పడింది. అక్కడ పనిచేసిన శొంఠి కామేశం గారు 1933లో రాగి, క్రోమియం, ఆర్సెనిక్ లవణాలు కలిపి కట్టెకు ఎక్కించే మందు కనిపెట్టినారు. దానికి ఆస్కు అని పేరు. ఈ మందు ఎక్కిన స్తంభాలను చెదలు గానీ బూజు గానీ తినలేవు. ప్రపంచమంతటా టెలిఫోను, కరెంటు స్తంభాలకు దీన్ని వాడినారు. అయితే ఆర్సెనిక్ విషం. అందుకని అమెరికాలో 2003 చివరి నుంచి ఇళ్ళకు, పిల్లల ఆటస్థలాలకు వాడే కట్టెలకు చాలావరకు ఈ మందు మానుకున్నారు. మంచి మందు అయినా ఎక్కడ వాడాలో తెలియాలి.

మన డోన్ రైల్వే జంక్షన్ కాబట్టి ఇంకొక మాట. ఒకప్పుడు పట్టాల కింద కట్టె స్లీపర్లు ఉండేవి. వాటికి బొగ్గు తారు నుంచి తీసిన క్రియోసోట్ అనే నూనె ఎక్కించేవారు. ఆ పద్ధతిని 1838లో జాన్ బెథెల్ అనే ఆయన పేటెంటు చేసినాడు. పాత స్లీపరు ముక్కలు, మందు ఎక్కిన స్తంభాల ముక్కలు ఎక్కడైనా దొరికితే వాటిని పొయ్యిలో పెట్టకండి. ఆ పొగ, ఆ బూడిద విషం.

మనము ఏమి చేయవలెను?

1. కట్టె కాలు మట్టిని తాకకూడదు. కింద నాపరాయి పెట్టాల. రాయి చుట్టూ నీళ్ళు బయటికి జారేటట్టు వాలు ఉంచాల. మన వైపు నాపరాయికి కొదువ లేదు. బేతంచెర్ల రాళ్ళు దేశమంతా పోతున్నాయి, మన కంబం కిందికి ఒక ముక్క రాదా?

2. బయటి గోడకు పలకలు కొడితే నేల నుంచి కనీసం జానెడు ఎత్తులో మొదలు పెట్టాల. వాన చినుకు నేల మీద పడి ఎగిరి కట్టెను తడుపుతుంది. పలకకు, గోడకు మధ్య గాలి ఆడేటట్టు సన్నని చీలికలు పెట్టి ఎడం ఉంచాల.

3. చూరు ముందుకు ఉండాల. తలకు గొడుగు ఎట్లాగో వాకిలికి చూరు అట్లా.

4. కోసిన కొనలకు, తలుపు అడుగుకు, బిగించక ముందే రెండు మూడు సార్లు కాచిన అవిసె నూనె గానీ ప్రైమరు గానీ తాగించాల. బిగించినాక అక్కడికి కుంచె పోదు.

5. పగుళ్ళను లప్పంతో పూడ్చి, గరుకు కాగితంతో రుద్ది, ఆ తర్వాత రంగు వేయాల. కట్టె బాగా ఎండినాకే వేయాల. తడి కట్టెకు రంగు వేస్తే తడి లోపలే ఉండిపోయి రంగు బొబ్బలు లేస్తుంది.

6. ఏడాదికి రెండుసార్లు చూడాల. ఉగాది తర్వాత, మృగశిర కార్తె రాకముందు ఒకసారి పగుళ్ళు చూసి పూడ్చాల. వానలు పోయినాక, సంక్రాంతి సెలవుల్లో ఒకసారి చెదల గొట్టాలు ఉన్నాయేమో చూడాల. వేలితో తట్టితే డబడబ అని డొల్ల చప్పుడు వస్తే అనుమానించాల. మట్టి గొట్టం కనబడితే కొంచెం విరిచి గుర్తు పెట్టుకోండి. నాలుగు రోజుల్లో మళ్ళీ కట్టి ఉంటే లోపల చెదలు బతికి ఉన్నట్టు లెక్క.

7. వాకిలి పక్కన కట్టెల మోపు, ఎరువు, ఇటుకలు ఆనించకండి. వాటి చాటున చెదలు ఎక్కుతాయి, మనకు కనబడదు. జాలాడి నీళ్ళు వాకిలి వైపు రాకుండా కాలువ తీయాల.

8. గడప కడిగి పసుపు రాయవద్దని నేను అనటం లేదు. అది మన ఆచారం. కడిగినాక పొడి గుడ్డతో తుడిస్తే చాలు. ఆచారమూ నిలుస్తుంది, గడపా నిలుస్తుంది.

చేయకూడనివి

పాడైన ఇంజను ఆయిలు పూయకండి. అది ఒంటికి మంచిది కాదు, త్వరగా అంటుకుంటుంది, దాని మీద రంగు పట్టదు. చెదలకని పూర్వం పల్లెల్లో బి.హెచ్.సి. పొడి చల్లేవారు. దాన్ని మన దేశంలో 1997లో నిషేధించినారు. ఎవరింట్లోనైనా పాత డబ్బా ఉంటే ముట్టకండి. చెదల మందు కొట్టే పని పెద్దవాళ్ళది, తెలిసినవాళ్ళది. మన పని కాదు.

పాత రంగును పొడిగా గీకి ఆ దుమ్ము పీల్చకండి. పాత రంగుల్లో సీసం ఉంటుంది. అది పిల్లల మెదడుకు చెరుపు చేస్తుంది. ఇళ్ళ రంగుల్లో సీసం పది లక్షల పాళ్ళలో 90 పాళ్ళకు మించకూడదని 2017 నవంబరు నుంచి నియమం అమలులోకి వచ్చింది. అంతకు ముందటి రంగైతే తడిపి రుద్దాల, ముక్కుకు గుడ్డ కట్టుకోవాల, చిన్నపిల్లలను దూరంగా పంపాల.

అవిసె నూనె తుడిచిన గుడ్డలను ఉండ చుట్టి మూల పడేయకండి. ఆ నూనె ఆరేటప్పుడు వేడి పుడుతుంది. ఉండలో ఆ వేడి బయటికి పోక, అగ్గిపుల్ల లేకుండానే అంటుకోవచ్చు. గుడ్డలను ఆరుబయట విడదీసి ఆరేయండి, లేదా నీళ్ళలో నానబెట్టండి.

మా కొత్త వాకిలి

ఆచారి పాత ద్వారబంధంలో బాగున్న పై భాగాలు తీసి కిటికీకి వాడినాడు. కొత్త ద్వారబంధం వేప చేవతో చేసినాడు. టేకుకు అయిన దానిలో సగం కూడా కాలేదు. కాళ్ళ కింద నాపరాయి ముక్కలు నాయనే గని నుంచి తెచ్చి చెక్కినాడు. కాళ్ళ అడుగులకు నూనె తాగించినది నేను. మూడు రోజులు, రోజుకు ఒకసారి. జాలాడిని ఇంటి వెనకకు మార్చినాము. రంగు వేసే ముందు నాయన "అడుగు చూసినావా?" అని నన్ను అడిగినాడు. ఇంట్లో ఒక పనిని నాయన నన్ను అడిగి చేయడం అదే మొదటిసారి.

ఒక వానకాలం గడిచింది. సంక్రాంతికి పోయి స్క్రూడ్రైవరు గుచ్చి చూసినాను. దిగలేదు. చెల్లెలు మళ్ళీ గడప దగ్గరే కూర్చుంటుంది.

వార్డెన్ సారుకు మనవి

మన హాస్టలులో స్నానాల గదుల తలుపులు అడుగున ఉబ్బి ఉన్నాయి. వంటగది వెనక కిటికీ కింద ఒక మట్టి గీత నేను చూసినాను. వేలితో తడితే డొల్ల చప్పుడు వస్తుంది. ఇప్పుడు చూసుకుంటే ఒక డబ్బా ప్రైమరు, కొంచెం లప్పం, రెండు కుంచెలతో సరిపోతుంది. చెదలున్న కిటికీకి మాత్రం తెలిసినవాళ్ళను పిలవవలెను. ఇంకా ఆలస్యమైతే తలుపులు మార్చవలసి వస్తుంది. అంతకంటే ముఖ్యం, ఆ తలుపుల దగ్గర చిన్న తరగతుల పిల్లలు నిలబడతారు. ఒక ఆదివారం అనుమతి ఇస్తే తొమ్మిది, పది తరగతుల వాళ్ళము కలిసి తలుపుల పని చేస్తాము. రంగు గీకవలసిన చోట తడిపి రుద్దుతాము.

రంగు కంటికి కనబడేది. కట్టెను నిలబెట్టేది కంటికి కనబడని అడుగు. కావున మిత్రులారా, ఈసారి సెలవులకు ఇంటికి పోయినప్పుడు మీ వాకిలి ముందు ఒకసారి వంగి చూడండి.

ఇందులో తప్పులుంటే పెద్దలు మన్నించి దిద్దగలరు.

ప్రశ్నలు (జవాబులు రాసి పెట్టెలో వేయండి)
1. పలక ముఖం కంటే కోసిన కొన ఎక్కువ నీరు ఎందుకు తాగుతుంది?
2. చేవకు, తెలుపుకు తేడా ఏమి?
3. చెదలు మట్టి గొట్టాలు ఎందుకు కట్టుకుంటాయి?
4. మీ ఇంటి ద్వారబంధం దేని మీద నిలబడి ఉంది? మట్టి మీదనా, రాయి మీదనా? చూసి రాయండి.

ఇట్లు,
మీ తోటి విద్యార్థి,
పదవ తరగతి